క్వారీ గుంటలో నాగేంద్రబాబు జలసమరం

మిరపకోతలు ముగిసి, రోహిణీకార్తె ఎండకు చీమకుర్తి గ్రానైటు గుట్టలు పెనాల్లా కాలుతున్న ఒకానొక ఆదివారపు అపరాహ్ణవేళ, పర్చూరులో ఒక పురుగుమందుల దుకాణానికి ఏకచ్ఛత్రాధిపతి, ఉదరభారమందగమనుడు, స్వస్తోత్రపరాయణుడు అయిన నాగేంద్రబాబు సాగించిన జలసమరం చెబుతాను. ఓపికున్నవారు వినండి, పనులున్నవారు వెళ్లండి!

పాడుబడ్డ క్వారీలో పడవ సవారీలకని సిమెంటు కాలువ కట్టి, మోటార్లతో నీరెత్తిపోసి, దానికి కొండవాగని పేరు పెట్టారు. ఫేనిలతరంగభీకరమూ, నిజానికి నడుములోతూ అయిన ఆ మహార్ణవం ఒడ్డున, లైఫ్‌జాకెట్టే కవచంగా, తెడ్డే గదాదండంగా ధరించి, బావమరిది శివనాగరాజును చూసి మన వీరుడు గర్జించాడు:

"ఒరేయ్ శివా! కృష్ణమ్మకు ఎదురీదిన వంశంరా మాది! ఈ పిల్లకాలవ నాకో లెక్కా? పడవ తిరగబడి మునిగానా, ఈ మీసం ఇక్కడే గొరిగించేస్తా!"

ఆ వంశంలో దిగుడుబావి దాటి ఈదినవాడు లేడు. దుకాణం మామగారిచ్చింది, కారు మామగారిచ్చింది. స్వయంగా పెంచుకున్నది ఆ మీసమొక్కటే. అదీ పోతే మనిషికి మిగిలేది పొట్టే.

"గొరిగించండి, పీడా పోద్ది," అంది భార్య రాజేశ్వరి.

నాగేంద్రబాబు ఒక్కణ్ణే ఎక్కించుకుని పడవ కదిలింది. ప్రవాహాన్ని కరెంటనడం ఎక్కడో శిక్షణలో నేర్చుకొచ్చిన గైడు సాదిక్ ఒడ్డు నుంచి కేకేశాడు: "అంకుల్, మలుపులో కరెంటు ఎక్కువుంది! జాగ్రత్త!"

పర్చూరువాళ్లకు కరెంటంటే ఒక్కటే.

"నీళ్లల్లో కరెంటా! మోటారు ఎర్తయిందిరోయ్! చస్తానురా శివా!" అని దిక్కులు పిక్కటిల్లేలా ఆక్రోశించి, తెడ్డును విసిరి, కరచరణచతుష్టయాన్ని గగనాభిముఖంగా ఎత్తి, ఆ రణధీరుడు పడవలో వెల్లకిలా పడ్డాడు. పడవ గిర్రున తిరిగి, ఒక పక్కకు ఒరిగి, ఇక బోర్లాపడుతుందనగా, తనూ పర్చూరు మట్టిలోనే పుట్టిన శివనాగరాజు ఒడ్డునున్న మోటారు షెడ్డులోకి దూరి ఫీజులన్నీ పీకేశాడు. మహార్ణవం రెండు గుటకలేసి కిందికి జారిపోయింది. పడవ సిమెంటు మీద చతికిలబడింది.

"చీలమండ లోతు కూడా లేదంకుల్, దిగండి," అన్నాడు సాదిక్.

"ముందు టెస్టరు పెట్టి చూడ్రా!"

టెస్టరు దొరకలేదు. చివరికి రాజేశ్వరి చెంగు నడుముకు బిగించి, పడవకు తాడు కట్టి, ఎత్తిన కాళ్లు దించని భర్తను కాలువ చివరిదాకా ఈడ్చుకుపోయింది. నాగేంద్రబాబు గట్టెక్కి మీసం దువ్వాడు.

"చూశావుగా, మునిగానా?"

చెప్పడానికి నాకే ఒళ్లు మండుతోంది గాని, గుండ్లకమ్మ తీరవాసులారా, మునగలేదు. నీళ్లు లేని కాలువలో మునగని మహావీరుడికి జయము జయము!