మొదటి లబ్ధిదారుడి పరుపు

ఆ సోమవారం పదకొండున్నరకి రాజమండ్రిలో ఒక మహత్తర ఘట్టం జరిగింది. అసలు పదింటికే జరగాల్సింది గానీ, మైకు పలక్కపోవడంతో గంటన్నర ఆలస్యమైంది. గోదావరి గట్టున వేసిన షామియానా కింద నిలబడి పర్యాటక శాఖ మంత్రిగారు ఇలా ప్రకటించారు:

"ఇకమీదట గోదావరి గడ్డమీద కాలు మోపిన ఏ ప్రయాణికుడూ పరుపు లేకుండా పడుకోడు. ఇది నా మాట!"

జనం చప్పట్లు కొట్టారు. వాళ్లలో ప్రయాణికుడన్నవాడు ఒక్కడూ లేడు, అందరూ సొంత మంచాలున్న ఊరివాళ్లే. అయితేనేం, పరాయివాడి నిద్ర గురించి అంతలా నిద్ర మానుకున్న మంత్రి దొరకడం మాటలా!

పథకం పేరు ‘అతిథి పవళింపు’. గడిచిన మూడు రోజుల్లో ప్రయాణం చేసినవారెవరైనా సరే, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, ప్రభుత్వం మాట్లాడిపెట్టిన నలభై గదుల హోటల్లో ఒక రాత్రి ఉచిత బస. పొద్దున్నే వెళ్లేటప్పుడు ఒక పరుపు, ఒక దిండు, ఒక దుప్పటి, ఒక దోమతెర ఉచితం. పరుపు నెత్తిన పెట్టుకుని రైలెలా ఎక్కుతారండీ అని ఒక విలేకరి అడిగాడు.

"అది రైల్వేవారు చూసుకోవాల్సిన విషయం," అన్నారు మంత్రిగారు. ఒకరి శాఖలో ఒకరు వేలు పెట్టకూడదన్న ఆ సంస్కారం ఇవాళ ఎంతమందిలో ఉంది చెప్పండి!

ఇక ఈ ఉచిత సామానుమీద మంత్రిగారి ఫొటో ఎక్కడ వెయ్యాలన్నదానిమీద గెస్ట్‌హౌస్‌లో సమీక్షా సమావేశం జరిగింది. దిండుమీద వేద్దామన్నారు పీఏగారు.

"నిద్రలో చొల్లు కారుస్తారేమోనండి," అన్నాడు వెనకాల నిలబడ్డ హరిబాబు, భయం భయంగా.

"పోనీ పరుపుమీద?"

"సార్ మీద పడుకున్నట్టుంటుందండి."

"దుప్పటిమీద?"

"కాళ్లు ఎటువైపు వస్తాయో చెప్పలేమండి. దోమతెర పైకప్పుకి వేస్తే ఎవరికీ తగలదండి."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. మనిషి వెల్లకిలా పడుకుని కళ్లు తెరిస్తే, పైనుంచి తాము చెయ్యెత్తి దీవిస్తూ కనపడతారు! "భలే చెప్పావయ్యా," అని పీఏగారి భుజం తట్టారు. పీఏగారు వినయంగా తలొంచుకున్నారు.

ఈ హరిబాబు పర్యాటక శాఖలో పదకొండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగి. ఈ పదకొండేళ్లలో ఆరుగురు మంత్రులకి బొకేలు అందించాడు. ఆరుగురూ బొకే వైపే చూశారు తప్ప అందించినవాడి వైపు చూడలేదు. అతన్ని పర్మినెంటు చేసే ఫైలు బల్లమీంచి బల్లమీదకి తిరిగి తిరిగి, ఎట్టకేలకు ఈ మంత్రిగారి దాకా వచ్చింది.

"శనివారం సాయంత్రం సార్ వస్తారు," అన్నారు పీఏగారు. "ఆ రాత్రికి నలభై గదులూ నిండాలి. ఆదివారం పొద్దున మొదటి లబ్ధిదారుడికి సార్ స్వహస్తాలతో పరుపు ఇస్తారు. ఆ చేత్తోనే నీ ఫైలుమీద సంతకం పెడతారు. గదులు నిండలేదనుకో, ఈ నెలాఖరుతో నీ కాంట్రాక్టు సరి. మళ్లీ పొడిగించరు."

"ఫ్రీ రూమండీ, ఎందుకు నిండవు! తోసుకొస్తారు," అన్నాడు హరిబాబు ఉత్సాహంగా.

బుధవారం ఎవరూ రాలేదు. గురువారం కూడా ఎవరూ రాలేదు. హోటల్ కౌంటర్లో కూర్చునే బేబి దోమల బ్యాటు పట్టుకుని, తెల్లకాగితంలా ఉన్న రిజిస్టరుకి కాపలా కాసింది. శుక్రవారం పొద్దున హరిబాబుకి కాఫీ కూడా దిగక, తిన్నగా రైల్వేస్టేషనుకి వెళ్లాడు. రైళ్లు నిండుగానే వస్తున్నాయి. సంచులతో, పిల్లలతో జనం దిగుతూనే ఉన్నారు. దిగినవాళ్లు దిగినట్టే మాయమైపోతున్నారు.

ఆటోస్టాండులో యెహెజ్కేలు కనపడ్డాడు. ఇరవై ఏళ్లుగా అక్కడ ఆటో తోలుతున్న మనిషి.

"యెహెజ్కేలూ, ఇంతమంది దిగుతున్నారు కదా, వీళ్లంతా ఎక్కడికి పోతున్నారయ్యా?"

"అందరి సంగతీ తెలీదు గానీ, నలుగురు మా ఇంట్లో ఉన్నారండి."

"మీ ఇంట్లోనా? ఎవరు?"

"నల్గొండ వాళ్లండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. పట్టిసీమ చూద్దామని వచ్చారు. మంచి లాడ్జీకి పోనియ్యమన్నారు. పిల్లల్తో లాడ్జీ ఏంటండీ అసయ్యంగా! మా ఊరొచ్చి లాడ్జీలో దిగుతారా, మేం చచ్చామనుకున్నారా అని తిన్నగా ఇంటికి తోలేశానండి. మా ఆవిడ చేపలపులుసు పెట్టింది. ఇంక వాళ్లు కదల్లేదు."

"వాళ్లు నీకు చుట్టాలా?"

"ఎక్కినప్పుడు కాదండి. దిగేటప్పటికి అయిపోయారు."

"హోటల్ ఫ్రీ అని చెప్పలేకపోయావా?"

"ఆయ్, చెప్పానండి. ఫ్రీ అనేసరికి భయపడ్డారు."

హరిబాబు ఊరంతా తిరిగాడు. ఎక్కడికెళ్లినా ఇదే కథ. టిఫిన్ బండి సంపూర్ణమ్మ దగ్గర ఇడ్లీ తిన్న పాపానికి ఇద్దరు ఒడిశా కుర్రాళ్లు రెండు రోజులుగా ఆవిడ ఇంట్లో ఉన్నారు. రామచంద్రపురం వెళ్లాల్సిన ఒక విత్తనాల కంపెనీ ఆఫీసరుకి ఈ ఊళ్లో పని మంగళవారమే అయిపోయింది. కానీ అతనికి కట్టివ్వాల్సిన పూతరేకులు చుట్టడం ఇంకా అవలేదని రేషన్ డీలరుగారు కదలనివ్వడం లేదు. అంతెందుకు, ఈ పథకాన్ని స్వయంగా రాసిన పీఏగారిది కోరుకొండ. ఆయన ఇంట్లోనే, అక్కడి నరసింహస్వామి కొండెక్కి దిగిన ముగ్గురు తమిళ భక్తులు మూడోరోజు సాంబారు తింటున్నారు. అతిథి లాడ్జీలో దిగితే వీధి వీధంతా తలవంపులనుకునే ఊళ్లో అతిథులకి లాడ్జీ పథకం పెట్టడమంటే, అందుకు ఎంతో దూరదృష్టి కావాలి.

నలభై గదులు నిండకపోయినా, పరుపు అందుకోవడానికి ఒక్కడైనా ఉండాలని శనివారం పొద్దున తెగించాడు హరిబాబు. ప్లాట్‌ఫారం మీదే కాపు కాసి, ఆటోవాళ్ల కళ్లబడకముందే ఒక కుర్రాణ్ణి పట్టుకున్నాడు. పేరు మణిదీప్, ఊరు నంద్యాల, ఉద్యోగంలో వారం సెలవు దొరికితే గోదావరి చూద్దామని ఒంటరిగా వచ్చాడు. ఈ ఊళ్లో నా అన్నవాళ్లెవరూ లేరు. దేవుడు పంపిన లబ్ధిదారుడు! అతని బ్యాగు లాక్కుని, స్కూటరెక్కించి, ఎక్కడా ఆపకుండా హోటలుకి తీసుకుపోవాలనుకున్నాడు. తీరా చూస్తే మొదటి లబ్ధిదారుడి దరఖాస్తు ఫారం ఇంట్లో ఉండిపోయింది. రెండంటే రెండే నిమిషాలు ఇంటిముందు ఆపాడు.

గుమ్మంలోకి అతని భార్య వెంకటదుర్గ వచ్చింది.

"ఎవరండీ ఈ అబ్బాయి?"

"లబ్ధిదారుడు."

"ఏ ఊరు బాబూ మీది?"

"నంద్యాల, అక్కా."

అక్కా అన్నాడు. ఆ ఒక్క మాటతో హరిబాబు ఉద్యోగం గోదాట్లో కలిసింది.

"అయ్యో, అంత దూరం నుంచి వచ్చి ఎండలో నిలబడ్డావేంటి నాయనా? కాళ్లు కడుక్కో. అన్నం తిన్నాక వెళ్దురు గానీ."

అన్నమంటే ఉత్త అన్నమా! ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ, వంకాయ పచ్చిపులుసు, గడ్డపెరుగు. చాలక్కా అన్నప్పుడల్లా మొహమాటపడుతున్నాడనుకుని ఇంకో గరిటె వేసింది. తిన్నాక ఆ కుర్రాడు ఒక్క నిమిషం కూర్చుంటానని హరిబాబు మంచంమీద కూర్చున్నాడు. రెండో నిమిషానికి గుర్రు వినపడింది. హరిబాబు భుజం పట్టుకుని కుదపబోతే వెంకటదుర్గ చెయ్యి పట్టుకుంది.

"దుర్గా, వీడు హోటల్లో పడుకోకపోతే నా ఉద్యోగం పోతుందే!"

"నాకు తెలీదా అండీ? ఆ ఫైలు కోసం నేను మొక్కని దేవుడు లేడు." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అలాగని, నన్ను అక్కా అన్నవాణ్ణి నిద్రలో లేపి లాడ్జీకి తోలెయ్యమంటారా? అలా వచ్చిన పర్మినెంటు జీతంతో నేను అన్నం వండలేనండీ."

హరిబాబుకి ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. కానీ తను మాత్రం లేపగలడా? అతనూ ఈ ఊరివాడే కదా. ఫ్యాను స్పీడు పెంచి బయటికొచ్చేశాడు.

సాయంత్రం ఆరింటికి పది కార్లతో మంత్రిగారు హోటల్ ముందు దిగారు. లోపల బేబి తప్ప నరమానవుడు లేడు.

"ప్రయాణికులేరీ?"

"ఊరు చూడ్డానికెళ్లారండి," అన్నాడు హరిబాబు.

"ఆహా! గదుల్లో ఒక్కడూ లేడంటే మన పర్యాటకం అంత బాగుందన్నమాట. రాసుకోండి," అన్నారు మంత్రిగారు. పీఏగారు రాసుకున్నారు. "ఈ రాత్రికి నేను కూడా ఒక సామాన్య ప్రయాణికుడిలా ఇక్కడే పవళిస్తాను."

ఆ మాట పూర్తవకుండానే పార్టీ పట్టణ అధ్యక్షుడు పెద్దిరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అదేంటి సార్! మా ఊరొచ్చి మీరు లాడ్జీలో పడుకోవడమా? మేమంతా చచ్చామనుకున్నారా? ఇంట్లో రొయ్యల వేపుడు చేయించాను, పదండి."

మంత్రిగారు ప్రజల మాట ఏనాడూ కాదనరు. పది కార్లూ వెళ్లిపోయాయి.

హరిబాబు మెట్లమీద కూలబడ్డాడు. పదకొండేళ్లు! రేపు పొద్దున ఈ ఖాళీ రిజిస్టరు చూశాక మంత్రిగారు ఏమంటారో! ఎనిమిదింటికి వెంకటదుర్గ ఫోన్ చేసింది.

"ఏవండీ, అబ్బాయి ఇంకా లేవలేదు. మంచం, దోమతెర అతనికే ఇచ్చేశాం. వరండాలో పడుకుంటే దోమలు పీకేస్తాయి. అక్కడ నలభై గదులున్నాయన్నారు కదా, ఈ పూటకి అక్కడే పడుకోండి."

అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. యెహెజ్కేలు, వాళ్లావిడ, ఇద్దరు పిల్లలు దిగారు.

"మంచాలన్నీ నల్గొండ వాళ్లకిచ్చేశామండి. నాలుగు రోజుల్నించీ డాబామీద పడుకుంటున్నాం, పిల్లలకి జలుబు చేసింది. మీరు గదులున్నాయన్నారని వచ్చామండి."

"అవి ప్రయాణికులకయ్యా!"

"ఆటోలో వచ్చాం కదండీ," అన్నాడు యెహెజ్కేలు.

హరిబాబు బేబి వైపు చూశాడు. బేబి సర్క్యులర్ తీసి వేలు పెట్టి చదివింది. "‘గడిచిన మూడు రోజుల్లో ప్రయాణం చేసినవారు’ అనే ఉందండి. ఎంత దూరమో రాయలేదు."

హరిబాబు లేచి నిలబడ్డాడు. రిజిస్టరులో మొదటి గీతలో తన పేరే రాసుకున్నాడు, ఇంటినుంచి స్కూటరుమీద వచ్చాడు కాబట్టి. రెండోది యెహెజ్కేలు. తర్వాత దిండు చంకలో పెట్టుకుని సంపూర్ణమ్మ వచ్చింది. రేషన్ డీలరుగారు కుటుంబంతో సహా వచ్చారు. అతిథులకి మంచాలిచ్చేసి నేలమీద నడుములు పట్టేసినవాళ్లు ఊరి నాలుగు మూలల్నించీ వచ్చారు. తమిళ భక్తులకి ఇల్లు అప్పజెప్పి పీఏగారు కూడా వచ్చారు. తొమ్మిదిన్నరకి ముప్పై తొమ్మిది గదులు నిండాయి. ఆఖరి గది పీఏగారికిచ్చేశాక పెద్దిరాజు వచ్చాడు.

"నా ఏసీ గది మంత్రిగారికి, మిగతావి గన్‌మెన్లకి ఇచ్చేశానయ్యా. ఎక్కడైనా కాస్త చోటుంటే చూడు."

హరిబాబు తన గదిలోకే పిలిచాడు. ఇద్దరూ వెల్లకిలా పడుకున్నారు. దోమతెర పైకప్పునుంచి మంత్రిగారు చెయ్యెత్తి చూస్తున్నారు.

"ఏంటయ్యా, ఆయనక్కూడా ఇక్కడే చోటిచ్చావా?" అని పెద్దిరాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున మంత్రిగారు రిజిస్టరులో పేర్ల జోలికి పోకుండా ఆఖరి అంకె చూసి పొంగిపోయారు. నలభైకి నలభై! టీవీ కెమెరాలు వచ్చాయి. కార్యక్రమం లైవు. మొదటి గదివారిని పిలవమంటే బేబి హరిబాబుని చూపించింది. పీఏగారు కళ్లతోనే మాట్లాడొద్దన్నారు. మంత్రిగారు అతన్ని గుండెలకి హత్తుకున్నారు.

"ఏ ఊరండీ మీది?"

లైవులో మంత్రిగారికి అబద్ధం ఎలా చెప్పడం? "ఇక్కడివాణ్ణేనండి," అన్నాడు హరిబాబు చిన్నగా.

"విన్నారా!" మంత్రిగారు కెమెరావైపు తిరిగారు. "ఎక్కణ్ణుంచో వచ్చాడు. ఒక్క రాత్రి పడుకున్నాడు. ఇక్కడివాణ్ణే అంటున్నాడు! ఇంతకన్నా ఏం కావాలండీ ఒక పథకానికి?"

చప్పట్లు మోగాయి. మంత్రిగారు పరుపు చుట్టని హరిబాబు చేతుల్లో పెట్టారు. తర్వాత జేబులోంచి పెన్ను తీశారు.

"ఈ పథకం కోసం రాత్రింబవళ్లు కష్టపడ్డ కుర్రాడొకడున్నాడు. హరిబాబో ఏదో పేరు. అందరి ముందే సంతకం పెట్టి అతన్ని పర్మినెంటు చేస్తాను. పిలవండి!"

బేబి, యెహెజ్కేలు, సంపూర్ణమ్మ, అందరూ హరిబాబు వైపే చూశారు. పరుపు వెనకనుంచి హరిబాబు పీఏగారి వైపు చూశాడు. పీఏగారు కెమెరా వైపు చూశారు.

"రాలేదు సార్," అన్నారు పీఏగారు.

మంత్రిగారు నొచ్చుకున్నారు. "చూశారా! ఎక్కడెక్కడివాళ్లో టైముకొచ్చారు, మన డిపార్టుమెంటువాడికే తీరలేదు. ఆ ఫైలు పక్కన పెట్టండి." పెన్ను జేబులో పెట్టుకుని హరిబాబు భుజంమీద చెయ్యి వేశారు. "మీరు మాత్రం మళ్లీ మా ఊరు తప్పకుండా రావాలి."

"అలాగేనండి," అన్నాడు హరిబాబు.

పరుపు స్కూటరు వెనకాల కట్టుకుని ఇంటికొచ్చేసరికి తొమ్మిదైంది. వరండాలో మణిదీప్ హరిబాబు లుంగీ కట్టుకుని పెసరట్టు తింటున్నాడు. వెంకటదుర్గ మొగుడి ముఖం చూసి, ఇంకో అట్టు వెయ్యడానికి లోపలికెళ్లింది. మణిదీప్ మాత్రం ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. నిజంగానే కోపం వచ్చింది అతనికి.

"ఇదేం పని బావగారూ? సొంత ఇల్లు పెట్టుకుని లాడ్జీలో పడుకుంటారా? ఇక్కడ మేం చచ్చామనుకున్నారా?"