మహారాజుగారి కంప్యూటర్‌కి మెమరీ చాలలేదు

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క కంప్యూటర్ ఉండేది. సింహంగారి పిల్లలు ఆడుకోవడానికని దాన్ని గుహలోకి తెప్పించారు. రాజుగారి ఇల్లే ఆఫీసు కాబట్టి, పిల్లలకి మోజు తీరాక అదే సర్కారు కంప్యూటర్ అయి కూర్చుంది. అప్పట్నించి ఏ ఉత్తర్వు కావాలన్నా అందులోంచే రావాలి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. దిగువ మడుగు అడుగంటుతోంది. అందులో కాపురముంటున్న తాబేలు పడుతూ లేస్తూ గుహకి వచ్చింది. తనైతే ఎటైనా నడిచిపోగలదట, చేపలకి కాళ్ళు లేవు కదా, ఎగువ చెరువు తూము ఎత్తించి వాటి ప్రాణాలు నిలబెట్టమని బతిమాలింది. తూము కాపలా కాసే కొండముచ్చు సంగతి అందరికీ తెలిసిందే. ముద్ర వేసిన కాగితం చూపిస్తే తప్ప అది తూము పలక కదపదు.

గుమాస్తా ఎలుగుబంటి చెడ్డదేం కాదు. వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉత్తర్వు పేజీ కోసం నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. ఎలుగుబంటి వీపు గోక్కుంది, ఆవలించింది, ఒక కునుకు కూడా తీసింది. చక్రం తిరుగుతూనే ఉంది.

జబ్బేమిటో దానికి తెలుసు. ఏ ప్రోగ్రామ్ ఎంత మెమరీ తింటోందో చూస్తే పైనుంచి కిందదాకా శుభాకాంక్షలే. రాజుగారి పుట్టినరోజుకి తోడేళ్ళ సంఘం పెట్టిన పాట, అడవిపందుల సంఘం పెట్టిన కదిలే బొమ్మ, వాళ్ళకి తీసిపోకూడదని నక్కల సంఘం పెట్టిన పాటా బొమ్మా రెండూ. పుట్టినరోజు ఎప్పుడో అయిపోయింది. కానీ రాజుగారికని పెట్టింది ఏదైనా సరే, తీయడం ఆ అడవిలో అపచారం. కిందటేడు కట్టిన తోరణాలు కూడా గుహ ముందు ఎండి వేలాడుతున్నాయి. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసినా తమ శుభాకాంక్షలు వాటంతటవే లేచి కూర్చునేలా ఏ సంఘానికి ఆ సంఘం ఏర్పాటు చేసుకుంది.

"వాటిని మూసేస్తే సరిపోతుంది కదయ్యా," అంది తాబేలు.

"సరిపోతుందమ్మా. కానీ తోడేళ్ళది మూస్తే తోడేళ్ళు ఊరుకుంటాయా? నక్కలది మూసి తోడేళ్ళది ఉంచితే నా ఉద్యోగం ఉంటుందా?" ఎలుగుబంటి గొంతు తగ్గించింది. "నిపుణుణ్ణి పిలుద్దాం. అప్పుడు ఏమైనా మన మీదికి రాదు."

నిపుణుడంటే లకుముకి పిట్ట. నీలం కోటు, పొడుగు ముక్కు, పట్నంలో కొన్నాళ్ళు కరెంటు తీగ మీద కూర్చున్న అనుభవం. అంతకన్నా అర్హత ఏం కావాలి? అది తల పక్కకి వంచి చక్రాన్ని చూసి, మెమరీ ఎవరు తింటున్నారో కనిపెట్టే ప్రోగ్రామ్ ఒకటి పెట్టాలంది. పెట్టారు. దానికీ మెమరీ కావాలి కదా, చక్రం ఇంకా మందగించింది. అయితే మెమరీని శుభ్రం చేసే ప్రోగ్రామ్ పెట్టాలంది. అదీ పెట్టారు. ఆ రెండూ ఒకదాన్ని చూసి ఒకటి దొంగనుకుని కలబడితే, మధ్యవర్తిగా మూడోదాన్ని పెట్టారు. పని ఇంత చురుగ్గా సాగుతున్నందుకు సింహంగారు సంతోషం వెలిబుచ్చారు.

లకుముకికి మాత్రం తొందరేముంది? పగలంతా గుహలో సలహాలు, సాయంత్రం మడుగులో భోజనం. నీళ్ళు తగ్గేకొద్దీ చేపలు పైకి తేలి కనబడుతున్నాయి. ఇదివరకు మునిగి మునిగి ఒళ్ళు హూనమైతే గానీ దొరకనివి, ఇప్పుడు ముక్కు చాపితే చాలు. కోటు గుండీలు పట్టడం మానేశాయి. మధ్యవర్తి మీద పర్యవేక్షణకి ఇంకో ప్రోగ్రామ్ పెడదామని అది అన్నది అందుకే.

తాబేలుకి సంగతి అర్థమైంది. నిండు సభలో నిలబడి సూటిగా అడిగింది.

"మీరొచ్చాక చక్రం వేగం పెరిగిందా బాబూ, తగ్గిందా?"

"సాంకేతిక విషయాలు బురదలో బతికేవాళ్ళకి అర్థం కావమ్మా," అంది లకుముకి.

సభంతా నవ్వింది. ఎలుగుబంటి మాత్రం నేల చూపులు చూసింది, అయినా నోరు విప్పలేదు. నిజం తెలిసి నోరు మూసుకున్నవాళ్ళని చూస్తే నాకు లకుముకి మీదకన్నా ఎక్కువ ఒళ్ళు మండుతుంది.

తాబేలు తిరిగి వెళ్ళేసరికి మడుగులో బురదే మిగిలింది. పెద్ద చేపలు కొట్టుకుంటున్నాయి, చిన్నవి అప్పటికే ఆగిపోయాయి. వాటి మధ్య కూర్చుని తాబేలు ఏడ్చింది. చివరి చేప కూడా కదలడం మానేశాక, ఎవరి ఉత్తర్వూ లేకుండా ఎగువ చెరువు వైపు నడిచిపోయింది.

ఆ తర్వాత లకుముకికి పస్తులు మొదలయ్యాయి. ఎగువ చెరువుకి పోదామంటే అక్కడ గద్దలున్నాయి. మడుగులో నీళ్ళుంటేనే చేపలుంటాయన్న సాంకేతిక విషయం అప్పుడు తట్టింది దానికి. రెక్కలు కొట్టుకుంటూ గుహకి వచ్చి, వెంటనే తూము ఎత్తించమంది.

"ఉత్తర్వు పేజీ తెరుచుకోవడం లేదండీ," అంది ఎలుగుబంటి మర్యాదగా. "మెమరీ అంతా మీ ప్రోగ్రాములే తింటున్నాయి."

"అయితే వాటిని తీసెయ్."

"నిపుణులు పెట్టినవి గుమాస్తా తీయకూడదండీ. రాజుగారి ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు ఇందులోంచే రావాలి."

లకుముకి తనే తీద్దామని మీటలన్నీ ముక్కుతో పొడిచింది. కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు. ఆపి మళ్ళీ వేసింది. తోడేళ్ళ పాట, పందుల బొమ్మ, నక్కల పాటా బొమ్మా, వాటి వెనకే తన ప్రోగ్రాములన్నీ వరసగా లేచి కూర్చున్నాయి. నీలం కోటు వదులై జారిపోతుంటే, అది ఆకలి కడుపుతో ఆ శుభాకాంక్షలు చూస్తూ ఉండిపోయింది.

నీతి: ఏ సంఘం మనసూ నొప్పించకండి. చేపలకి ఎలాగూ సంఘం లేదు.