నూరో షోవా సంవత్సరంలో తుపాను

మినాకురా పట్టణ కార్యాలయం సవినయంగా ప్రకటించిందేమంటే, ఊరి వెబ్‌సైటును ఇకమీదట యంత్రమే తయారుచేస్తుంది. గుమాస్తా నాలుగు ముక్కలు రాసి లోపల పడేస్తే చాలు, సాఫ్ట్‌వేర్ వాటిని పేజీలుగా వండి వరుసగా పేర్చి బయట పెడుతుంది. ఎలా వండాలో మాత్రం ముందుగా ఒక చిన్న ఫైలులో దానికి చెప్పాలి. వేరే ఊళ్లలో ఆ ఫైలును ఒక మనిషి టీ తాగుతూ నింపేస్తాడు. మినాకురా మర్యాద తెలిసిన ఊరు. ఫైలులో ఒక్కో వరుసకూ ఒక్కో కమిటీ వేసింది.

అన్ని కమిటీలకూ కార్యదర్శి షియోమి తెత్సురో, సమాచార విభాగంలో ఉప అధికారి. అతనికి కావలసింది ఒక్కటే. రేవు పేటలో జనం తుపానుకు తలదాచుకునే చేపల సహకార భవనాన్ని కూల్చేసి చాలా కాలమైంది. తుపాను వస్తే ఇప్పుడు కొండ మీది బడికి ఎక్కాలి. ఆ మాట తుపానుల కాలం రాకముందే సైటులో అన్నిటికన్నా పైన కనబడాలి. రేవు పేటలో అతని భార్య ఇసోకో టోఫూ కొట్టు నడుపుతోంది, సముద్రం తుంపర కొట్టేంత దగ్గర్లో. అందుకని తొందరపడేవాడు. ఆ తొందరొక్కటే అతనిలో లోపమని పై అధికారి ముకైయామా గారు నలుగురిలో పెద్ద మనసుతో చెప్పారు కూడా.

మొదటి వరుస, సైటు పేరు. మూడు ఊళ్లను కలిపి కట్టిన మూట మినాకురా. ఎవరి ఊరి పేరు ముందుండాలో కలిపిన రోజు నుంచీ తేలలేదు. కాబట్టి ఖాళీగా వదిలేశారు. తర్వాత రంగు. రెండు బూడిద రంగుల మధ్య పోటీ వచ్చింది. ఏ బూడిద మనసూ నొచ్చుకోకుండా రెండూ కలిపి మూడో బూడిద చేశారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఒక మొరటు ప్రశ్న వేసింది: ఇది ఇంకా చిత్తుప్రతేనా? కాదంటేనే పేజీ బయటికొస్తుంది.

"మన రాత పూర్తయిపోయిందని మనమే చెప్పుకోవడమా? జనం ఏమనుకుంటారు?" అన్నారు ముకైయామా గారు. కమిటీ సిగ్గుతో తల దించుకుని 'అవును, చిత్తుప్రతే' అని నింపింది.

రిబ్బను కత్తిరించారు. తెర మీద ఏమీ రాలేదు. ఎంత శుభ్రంగా ఉందో అని అతిథులు మెచ్చుకున్నారు.

"అయ్యా, ఒక్క అక్షరం కూడా కనబడట్లేదండీ," అన్నాడు తెత్సురో.

"అక్షరం లేకపోతే అచ్చుతప్పు కూడా ఉండదు కదయ్యా. నీకెప్పుడూ చెడే కనబడుతుంది."

జనం అడగ్గా అడగ్గా, కార్యాలయమంతా నడుములు వంచి క్షమాపణ చెప్పి, ఆ వరుసను 'కాదు' అని మార్చింది. మిగిలింది తేదీ.

ఈ దేశంలో సర్కారు కాగితం మీద ఏడాది లెక్క చక్రవర్తి పాలనతో నడుస్తుంది. కొత్త పాలన వస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. షోవా పోయి హేసేయి, హేసేయి పోయి రేవా. సాఫ్ట్‌వేర్‌కి ఈ గౌరవమర్యాదలు తెలియవు. ఏడాది చోట దానికి అంకె ఒక్కటే కావాలి. అంకె ఎంత పెద్దదైతే పేజీ అంత పైన పెడుతుంది.

"లోకమంతా వాడే ఏడాది వేసేద్దామండీ," అన్నాడు తెత్సురో.

ముకైయామా గారు లేచి నిలబడ్డారు. "మన తాతముత్తాతలు ఇంటర్నెట్టు లేకుండానే తేదీలు వేశారు! యంత్రం మన దగ్గర నేర్చుకోవాలి గానీ, మనం యంత్రం దగ్గర నేర్చుకోవడమేమిటి?" చప్పట్లు మోగాయి. పాలన పేరు తీసేసి అంకె ఉంచారు. దాదాపు నలభై ఏళ్ల కిందటి షోవా అరవై ఒకటి నాటి ప్రకటన, "తుపాను వస్తే సహకార భవనంలో తలదాచుకోండి, చెప్పులు గుమ్మం బయట విడవండి," అన్నిటికీ పైకెక్కి కూచుంది. ఈ ఏడాది, అంటే రేవా ఏడులో, తెత్సురో రాసిన "భవనం లేదు, బడికి ఎక్కండి" అట్టడుక్కి పోయింది, చేమంతుల పోటీ ఫలితాల కింద.

సైటు ఇంత బాగా కుదిరింది కాబట్టి వీధుల్లో హెచ్చరికలు చెప్పే మైకులు పీకేశారు. సైటులో పైనున్న ప్రకటన తప్ప నోటిమాట నమ్మవద్దని ఇంటింటికీ చెప్పి వచ్చారు.

తుపాను మధ్యాహ్నం వచ్చింది. తెత్సురో కారు తీసుకుని రేవు పేటకు పరుగెత్తాడు. భవనం ఉండిన కంకర స్థలంలో పేట జనమంతా వానలో వీధుల వారీగా వరుస కట్టి కూచున్నారు. ఒకప్పుడు గుమ్మం ఉండిన చోట చెప్పులు జతలు జతలుగా సర్ది ఉన్నాయి.

"లేవండి! బడికి పదండి! అల గోడ దాటుతోంది!"

పేట సంఘం పెద్ద హమాజిమా ముసలాయన కళ్ల మీది వాన నీళ్లు తుడుచుకున్నాడు. "అరవకు బాబూ, లోపల పసిపిల్లలు పడుకున్నారు."

"లోపలేమిటి తాతా? గోడేది? కప్పేది?"

"అది మీ ఆఫీసు సంగతి. పంపింది మీరు, కూచున్నది మేము. నోటిమాట నమ్మొద్దన్నది మీరే కదూ?"

ఇసోకో వరుసలోనుంచి కదలకుండానే అంది: "ఏమండీ, ముందు ఆ బూట్లు విప్పండి. అందరూ చూస్తున్నారు."

ఒక అల వచ్చి ముందు వరుస చెప్పులు పట్టుకుపోయింది. వరుస మర్యాదగా వెనక్కి జరిగింది.

తెత్సురో ఫోను తీశాడు. షోవా కాలమే ఆగకుండా నడిచివుంటే ఇది నూరో ఏడాది. తన ప్రకటనకు నూరు అని వేసి, ఏ కమిటీనీ అడక్కుండా సాఫ్ట్‌వేర్‌ని నడిపించాడు. క్షణంలో 'బడికి ఎక్కండి' అరవై ఒకటి నెత్తిన కూచుంది.

అందరూ ఒకేసారి ఫోన్లు చూసుకున్నారు.

"ఆఁ, ఇది మాట! రాసి చెప్తే మేమెప్పుడైనా కాదన్నామా?" అంటూ లేచాడు హమాజిమా. జనం ఖాళీ స్థలానికి వంగి దండం పెట్టి, మిగిలిన చెప్పులు తొడుక్కుని కొండెక్కారు. ఒక్క ప్రాణం పోలేదు. ఆ సాయంత్రం కంకర స్థలం సముద్రంలో కలిసిపోయింది.

తర్వాత విచారణ జరిగింది. షోవా నూరు అనే ఏడాది చరిత్రలో లేదు. లేని ఏడాదిలో వేసిన ప్రకటన కూడా లేనట్టే. లేని ప్రకటన చూసి ఎవరూ కొండెక్కలేరు. కాబట్టి రేవు పేట జనం అరవై ఒకటి నాటి ప్రకటనను అక్షరాలా పాటించి, సహకార భవనంలోనే సురక్షితంగా తుపాను గడిపారని నివేదిక తేల్చింది. భవనం దృఢత్వాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంది. తేదీల పద్ధతి మార్చనక్కర్లేదని కూడా రాసింది. తెత్సురోని కార్యాలయం నేలమాళిగలోని పాత సామాన్ల గదికి మార్చారు.

నివేదికను అట్టకు బిగించి రేవు పేటలో ఇంటింటికీ తిప్పారు. చదివి, ఒప్పుకున్నట్టు తమ పేరు ముద్ర వేసి పక్కింటికి ఇవ్వడం అక్కడి ఆచారం. హమాజిమా తాత వేశాడు. చెప్పులు పోయిన ముందు వరుసవాళ్లూ వేశారు. ఇసోకో కూడా వేసింది.

"నువ్వు కూడానా? ఆ బురదలో కొండెక్కలేదూ నువ్వు?" అన్నాడు తెత్సురో.

"ఎక్కాను. కానీ అంతమంది వేశాక నేనొక్కదాన్ని వెయ్యకపోతే ఏం బాగుంటుందండీ? రేపు వాళ్లకే కదా టోఫూ అమ్మాలి."

పక్కింటావిడ అట్ట కోసం గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిణ్ణి నిలబెట్టడం మర్యాద కాదు. తెత్సురో ముద్ర వేసి ఇచ్చేశాడు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. ఆ అట్ట ఇంకా తిరుగుతూనే ఉంది, ఇప్పుడు మీ పక్కింట్లో ఉంది.