ఊయలకు కలప

మహమ్మారి, యుద్ధం కలిసి దేశ ఆర్థిక వ్యవస్థకు చేసిన మేలును శాంతి ఒంటరిగా ఏనాటికీ చేయజాలదని జాతీయ వృద్ధి నిర్ధారణ కార్యాలయం సప్రమాణంగా నిరూపించింది. ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న వాణ్ణి కనుక, ఏ సిద్ధాంతాన్నీ పరీక్షించకుండా కొట్టిపారేసే అలవాటు నాకు లేదు. ఆ పరీక్షకు అవకాశం మా బావమరిది రూపంలో తనంతట తానే నడిచివచ్చింది.

అతడు వడ్రంగి. పలకను కోసే ముందు రెండుసార్లు, కోశాక మరోసారి కొలుస్తాడు గనుక వీధంతా అతణ్ణి ‘అంగుళం’ అంటుంది. మహమ్మారి ఏడాది శవపేటికలు చేశాడు. కలప రంగం పద్దెనిమిది శాతం వృద్ధి చెందింది. (వినియోగదారుల అభిప్రాయ సేకరణ జరగలేదు.) ఆపైన యుద్ధం వచ్చి కిటికీలు పగిలితే వాటికి పలకలు బిగించాడు, వృద్ధి ఇరవై ఆరుకు చేరింది. కిటికీ పగలని ఇల్లు దేశాభివృద్ధికి ఏ విధంగానూ తోడ్పడదని అప్పుడే తేలింది. అంగుళానికి ప్రశంసాపత్రం వచ్చింది. దానికి చట్రం చేసుకోవడానికి మాత్రం కలప మంజూరు కాలేదు.

ఎందుకంటే కలప ఇప్పుడు కార్యాలయం ఇస్తేనే దొరుకుతుంది. అడిగిన వస్తువు మహమ్మారి వల్ల అవసరమైందో, యుద్ధం వల్ల అవసరమైందో దరఖాస్తులో గడి నింపాలి. మూడో గడి లేదు.

“బావగారూ, అమ్మాయికి మూడు వారాల్లో పురుడు. ఊయలకి కలప కావాలి. మీరు కూడా రండి. వాళ్ల మాటలు నాకు సగమే అర్థమవుతాయి, ఆ సగంతోనే భయం,” అన్నాడు అంగుళం.

“నాకు మాత్రం అర్థమవుతాయా?”

“అర్థమైనట్టు తలాడించడం మీకొచ్చుగా!”

కార్యాలయంలో ఆరడుగుల దూరం పాటించాలన్న మహమ్మారి నిబంధన గాని, సైరన్ మోగితే బల్ల కింద దూరాలన్న యుద్ధ నిబంధన గాని ఇంకా రద్దు కాలేదు. బల్లలు మూడు. బల్లకు ఒకరు. గంటకోసారి సైరన్ పరీక్షించినప్పుడల్లా తక్కినవారు వీధిలోకి వెళ్లి, లేని బాంబు కోసం వరుసలో నిలబడతారు. మేము నాలుగుసార్లు నిలబడ్డాం. (బాంబు ఒక్కసారీ రాలేదు; సమయపాలన అక్కడా అంతే.)

ఎట్టకేలకు కారణ నిర్ధారణాధికారిణి మమ్మల్ని పిలిచారు.

“ఊయలా? కారణం?”

“బిడ్డ పుట్టబోతోందండి.”

“అది ఫలితం. కారణం చెప్పండి.”

అంగుళం నావైపు చూశాడు. నేను తలాడించాను.

“అమ్మాయికి పెళ్లి చేశామండి,” అన్నాడు తడుముకుంటూ.

“పెళ్లికి గడి లేదు. మహమ్మారా, యుద్ధమా?”

“అయ్యో, అలాంటిదేం లేదండి. వాళ్లిద్దరూ బాగానే ఉంటారు!”

నేను కల్పించుకున్నాను. “మేడమ్, పుట్టబోయే బిడ్డ కూడా ఆర్థిక వ్యవస్థలో భాగమే కదా?”

“ఎందుకు కాదు సార్! మొదటి జ్వరం వచ్చిన రోజు నుంచీ లెక్కలోకి వస్తుంది.”

అంగుళం ముఖం వాడిపోయింది. అతడు చేసిన పేటికల్లో ఈ ఊళ్లో ఎందరో పడుకున్నారు. లేచి ఆడుకునే వాళ్లకోసం ఒక్కటి చేద్దామంటే కలప లేదు. అధికారిణికి జాలి కలిగింది. (కార్యాలయంలో జాలికి నిషేధం లేదు, రశీదు ఇవ్వరు, అంతే.) గొంతు తగ్గించి అడిగారు:

“చూడండి పెద్దాయనా, నాకూ పిల్లలున్నారు. ఆ ఊయల ఎలా ఉంటుంది?”

“చుట్టూ నాలుగు పలకలు, అడుగున ఒకటి అండి.”

“పొడవు?”

“ముప్పై ఆరు అంగుళాలు.”

ఆమె రిజిస్టరు తెరిచి రాసుకున్నారు: శవపేటిక, చిన్నది. కారణం, మహమ్మారి. “పైన పలక?”

“పైనెందుకండీ? బిడ్డకి గాలాడొద్దూ?”

‘మూత లేదు’ అని చేర్చి, మంజూరు కాగితం మీద మూడు ముద్రలు వేసి ఇచ్చారు. అంగుళం ఆ కాగితం మీద ‘ముప్పై ఆరు’ దగ్గర వేలు పెట్టాడు. ఆ కొలత పేటికలు మహమ్మారి ఏడాది అతడు పదకొండు చేశాడు.

“ఏ పేరైతే ఏంలెండి బావగారూ,” అన్నాడు కాగితం మడిచి. “పడుకునేది మా పిల్లే కదా.”

ఊయల తయారైంది. కొలవడమే మానేసి చేశాడు. అయినా సరిగ్గా కుదిరింది. మనవరాలు పుట్టి, అందులో కాళ్లు తన్నుకుంటూ వీధంతా వినిపించేలా కేరింతలు కొట్టింది. చిన్న పేటికలకు గిరాకీ మళ్లీ పుంజుకుంటోందని కార్యాలయం త్రైమాసిక నివేదికలో హర్షం వ్యక్తం చేసింది.

నెల తిరక్కుండానే తనిఖీ అధికారి వచ్చాడు. టేపుతో పొడవు, వెడల్పు, లోతు కొలిచాడు. పాప వేలు పట్టుకుంటే మర్యాదగా విడిపించుకున్నాడు. పాప తుమ్మింది. ఆయన తలెత్తి చూసి, ఏదో రాసుకుని, అంగుళం చేతిలో చీటీ పెట్టి వెళ్లిపోయాడు.

పేటిక సంతృప్తికరం. మూతకు కలప మంజూరైనది.