మేనేజరు గారి కారు నోరు మూసుకున్న రోజు

ఆ ఉదయం మేనేజరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి కారు విప్పించాలి, ఎనిమిదింటికి బిగించాలి, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదకొండున్నరకి స్టేషనులో కంపెనీ డైరెక్టరమ్మను ఎక్కించుకోవాలి, పన్నెండింటికల్లా తన ఆఫీసుకు తీసుకువెళ్ళి అక్కడి క్రమశిక్షణ చూపించాలి. ఆవిడ మెచ్చుకుంటే జోనల్ మేనేజరు పదవి ఈయనది. మెచ్చుకోకపోతే రిటైరయ్యేదాకా ఇదే కుర్చీ. ఇందులో తప్పు జరగడానికి ఆస్కారం ఎక్కడా ఆయనకు కనిపించలేదు. ఆయనకు కనిపించనివి ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కొక్కటే చెప్పుకుందాం.

ముందు కారు సంగతి. తొమ్మిదేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో కొన్నారు. దాని ఇంజను మీద సూపర్‌చార్జర్ అని ఒక యంత్రం ఉంది. ఇంజనుకు మామూలుగా అందే గాలి చాలదని, ఇంకాస్త గాలిని లోపలికి కుక్కడం దాని పని. అమ్మినవాడు "రెక్కల గుర్రం సార్" అన్నాడు. రెక్కల మాటేమో గానీ, ఏడాది తిరిగేసరికి గుర్రానికి దగ్గు పట్టుకుంది. బండి ఆగి, ఇంజను తిరుగుతూ ఉంటే చాలు, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు గలగలమని ఒకటే చప్పుడు. యాక్సిలరేటరు మీద కాలు వేస్తే ఠక్కున మాయం. మెకానిక్కు దగ్గరికి వెళితే వాడు "ఏదీ, రేజ్ చెయ్యండి" అనేవాడు, ఈయన చేసేవారు, చప్పుడు పోయేది, "బానే ఉంది కదా సార్" అనేవాడు. అయినా ఒకడు బెల్టు మార్చాడు, ఇంకొకడు ఇంజను కింద రబ్బర్లు మార్చాడు, మూడోవాడు ఏం మార్చాడో ఇప్పటికీ తెలియదు.

చివరికి రోగం కనిపెట్టింది ఇంట్లో మనిషే. మేనేజరు గారి మరదలు, అంటే ఆయన భార్యకు చెల్లెలు, ఒక శిక్షణ స్కూల్లో మోటారు మెకానిజం పాఠాలు చెబుతుంది. పోయిన ఆదివారం భోజనానికి వచ్చి, గేటు దగ్గర ఆ గలగల విని, తినకుండానే బానెట్టు ఎత్తించింది. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను సూపర్‌చార్జర్ ముక్కు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నది. తర్వాత ఇంజను ఆపించి, ముందున్న పుల్లీ చక్రాన్ని చేత్తో ఇటూ అటూ కదిపింది. అది వదులైన తలుపు గడియలా టకటకా ఆడింది.

"దొరికింది బావా. లోపల కప్లర్ అని అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. పుల్లీ తిరిగితే ఆ తిరుగుడుని లోపలికి అందించేది అదే. దాని బెజ్జాలు అరిగిపోయి, ఇనప పిన్నులు అందులో కొట్టుకుంటున్నాయి."

"ఎనిమిదేళ్ళుగా నన్ను ఏడిపించింది ఒక ప్లాస్టిక్ బిళ్ళా?"

"కొండను తవ్వి ఎలుకను పట్టారు. తవ్వింది మీరు, పట్టింది నేను."

"డైరెక్టరమ్మ వచ్చేలోగా మార్చెయ్యి. ఆవిడకి చప్పుడంటే పడదట."

ఇక ఆయనకు తెలియని సంగతి. ఎనిమిదేళ్ళుగా ఆ చప్పుడు మీద రెండు సంసారాలు నడుస్తున్నాయి. ఒకటి ఇల్లు, రెండోది ఆఫీసు.

ఇంట్లో తన తల్లికీ భార్యకీ ఒకరంటే ఒకరికి గిట్టదని ఆయన గట్టి నమ్మకం. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నానని స్నేహితులకు చెప్పుకుని బోలెడు జాలి కూడా సంపాదించారు. నిజానికి ఆయన గడప దాటగానే అత్తాకోడళ్ళు మంచం మీద బాసిపట్టు వేసుకుని పేకాటకు దిగేవారు. సాయంత్రం గేటు బయట గలగల వినబడితే ముక్కలు పరుపు కిందికి, కోడలు వంటింట్లోకి, అత్తగారు మూతి ముడుచుకుని వరండాలోకి. ఇద్దరూ కలిసిపోయారని తెలిస్తే ఈయన రోజూ పెందలాడే ఇంటికొచ్చి మధ్యలో కూర్చుంటారని వాళ్ళ భయం.

ఆఫీసు ఒక బీమా కంపెనీ శాఖ. క్లెయిము దరఖాస్తులు తేల్చడం అక్కడి పని. తొమ్మిదింటికి ఆఫీసు తెరుస్తారు, మేనేజరు గారు పదింబావుకి వస్తారు. ఆ గంటంబావులో గుమాస్తాలందరూ ఒకే బల్ల చుట్టూ చేరి, పాటలు పెట్టుకుని, ఒకరి ఫైలు ఒకరు లాక్కుని చకచకా తేల్చేసేవారు. వాచ్‌మన్ గేటు తీసేలోగా కారు బయట నిలబడి గలగలమనేది. ఆ నిమిషంలో పాటలు ఆగేవి, కుర్చీలు వరసకొచ్చేవి, అందరూ కుక్కిన పేనుల్లా కూర్చునేవారు. అటుపైన సాయంత్రం దాకా ఒక్క ఫైలూ కదలదు, ఎందుకంటే ప్రతి కాగితాన్నీ ఆయన మూడుసార్లు చదివి, కామాలు సరిదిద్ది, మళ్ళీ రాసుకురమ్మంటారు. ఆ నిశ్శబ్దం చూసుకుని మాత్రం "భయం ఉండాలోయ్, భయం" అని మురిసిపోయేవారు.

ఇదీ పరిస్థితి. ఆరింటికి మరదలు పనిముట్ల పెట్టెతో దిగింది. అక్క ఆమెను పెరటివైపు లాక్కుపోయింది.

"దాన్ని బాగుచెయ్యకే తల్లీ. ఆ చప్పుడు లేకపోతే మా అత్తాకోడళ్ళ గుట్టు బయటపడుతుంది."

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం? బావ అప్పుడే బెల్టు పీకేసి కూర్చున్నాడు. ఇప్పుడు ఆపితే అనుమానం వస్తుంది."

"అయితే ఆఫీసు వాళ్ళకైనా చెప్పాలి. వాళ్ళూ దాని మీదే బతుకుతున్నారు."

ఆ మాట వాచ్‌మన్ ఒకసారి ఫైళ్ళు ఇవ్వడానికి వచ్చినప్పుడు నోరు జారి చెప్పాడు. ఆఫీసు గుట్టు విన్న కృతజ్ఞతకి ఈవిడా తన గుట్టు చెప్పింది. అప్పటినుంచి ఇద్దరూ ఆ చప్పుడుకి భాగస్తులు.

మరదలు గాలి గొట్టం పక్కకు తప్పించి, బోల్టులు విప్పి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి సూపర్‌చార్జర్ ముక్కును ఊడదీసింది. లోపలి పాత నూనె బొళక్కున కారింది. ఆ కంపు చెప్పడానికి మాటలు చాలవు. మురిగిన గుడ్లు దాని ముందు సెంటు బుడ్లు. టార్చి పట్టుకుని మరీ దగ్గరగా వంగి చూస్తున్న మేనేజరు గారి బనీను మీదా, మీసం మీదా అది పడింది. మరదలు అరిగిన కప్లర్ తీసి చూపించింది. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉన్నాయి. కొత్తది పెట్టి, అంచులకి జిగురు రాసి, ముక్కు తగిలించి బోల్టులు బిగించింది.

"జిగురు ఆరాలి. రెండు గంటల దాకా ముట్టుకోకండి."

ఆ రెండు గంటల్లో ఆయన నాలుగు సబ్బులు అరగదీశారు. మధ్యమధ్య వచ్చి జిగురు ఆరిందా అని వేలు పెట్టబోతే మరదలు చేతిమీద ఒకటి వేసింది. పదిన్నరకి కొత్త నూనె పోసి, బెల్టు ఎక్కించి, తాళం తిప్పమంది. తిప్పారు. ఏమీ వినబడలేదు. స్టార్టవలేదనుకుని మళ్ళీ తిప్పారు. కీచుమని ఇంజను ఒక కేక పెట్టింది.

"తిరుగుతూనే ఉంది బావా, వదలండి."

మేనేజరు గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎనిమిదేళ్ళ తర్వాత తన కారు పెద్దమనిషిలా ఊపిరి తీసుకుంటోంది. ఈ పదవి తనకు రాసిపెట్టి ఉందని అప్పుడే నిశ్చయించుకుని బయల్దేరారు.

ఆయన వీధి మలుపు తిరగ్గానే భార్య వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఇవాళ్టి నుంచి మా కారు నోరు మెదపదు. పన్నెండింటికి డైరెక్టరమ్మతో వస్తున్నారు. ఈ పదవి కోసం ఆయన రెండేళ్ళుగా నిద్రపోవడం లేదు. రాకపోతే ఆ మొహం నేను చూడలేను. మీదే భారం."

ఆవిడ బాధ నిజమే. జోనల్ మేనేజరు అంటే నెలకి ఇరవై రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగం, కింద పనిచేసేవాళ్ళు ఎవరూ ఉండరు, అన్నదీ నిజమే. ఈ రెండో నిజం అత్తాకోడళ్ళు తమలోనే పెట్టుకున్నారు.

వాచ్‌మన్ నమ్మకస్తుడు, కాస్త అతి నమ్మకస్తుడు. చప్పుడు చెయ్యని కారు ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది, అని ఆలోచించి, చప్పుడు చెయ్యకుండా వచ్చే ప్రతిదాన్నీ అనుమానించడం మొదలుపెట్టాడు. మంచినీళ్ళ వ్యాను వచ్చింది, మేడ మెట్ల దగ్గరికి పరిగెత్తి "వచ్చేశారు" అన్నాడు. పాటలు ఆగాయి, కుర్చీలు సర్దుకున్నాయి. కాదని తెలిసి మళ్ళీ బల్ల చుట్టూ చేరారు. కొరియరు బండి వచ్చింది, మళ్ళీ పరుగు. చివరికి సైకిలు కూడా చప్పుడు చెయ్యదు కదా అని సైకిలుకీ పరిగెత్తాడు. ఆరోసారికి హెడ్ గుమాస్తా ఆయాసంతో కిందికి దిగి వచ్చాడు.

"ఇట్లా అయితే ఆయన వచ్చేలోగా మేం పోతాం. ఎనిమిదేళ్ళుగా మా కాళ్ళు ఒక చప్పుడుకి అలవాటుపడ్డాయయ్యా. నీ కేకకి లేవవు. ఆ చప్పుడే నువ్వు చేస్తే పోలా?"

వాచ్‌మన్ దగ్గర బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. పూలకుండీల్లో గులకరాళ్ళు ఉన్నాయి. ఒకసారి ఊపి చూస్తే మేడ మీద ఒక గుమాస్తా అప్రయత్నంగా లేచి నిలబడ్డాడు. అంత బాగా కుదిరింది.

పన్నెండింటికి మేనేజరు గారి కారు నిజంగానే గేటు ముందు ఆగింది. పక్క సీట్లో డైరెక్టరమ్మ, ఒళ్ళో గొడుగు. దారంతా ఆవిడ కిటికీ అద్దం దించుకునే కూర్చుంది. నూనె కంపు నాలుగు సబ్బులకి పోయేది కాదు.

"కారు మాత్రం భలే నిశ్శబ్దంగా ఉందండీ" అంది, మర్యాద కొద్దీ.

"నా ఆఫీసు కూడా అంతే మేడమ్. మీరే చూస్తారుగా."

ఆ మాట నోట్లో ఉండగానే గలగల మొదలైంది. మేనేజరు గారు యాక్సిలరేటరు మీద కాలు వేశారు. ఇంజను గర్జనకి వాచ్‌మన్ ఉలిక్కిపడి డబ్బా ఆపాడు. కాలు తీశారు. మేడ మీద విన్నారో లేదోనని వాచ్‌మన్ మళ్ళీ ఊపాడు. కాలు వేస్తే మాయం, తీస్తే గలగల. సందేహమేముంది, అదే రోగం. పదవి కళ్ళముందే కరిగిపోతోంటే ఆయన కిందికి దూకి బానెట్టు ఎత్తారు. చేతిలో స్క్రూడ్రైవరు లేదు.

"మేడమ్, ఒక్కసారి ఆ గొడుగు ఇలా ఇస్తారా?"

డైరెక్టరమ్మ ఇచ్చింది. ఆయన గొడుగు మొన సూపర్‌చార్జర్‌కి ఆనించి, వంకీ చెవికి పెట్టుకుని, రెండో చెవికి ఫోన్ పెట్టుకుని మరదలికి మొరపెట్టుకున్నారు.

"అమ్మాయ్, కొంప మునిగింది. మళ్ళీ మొదలైంది."

"ఇంజను ఆపి పుల్లీ ఆడించండి బావా."

ఆపారు. పుల్లీ పట్టుకున్నారు. చెయ్యి చురుక్కుమంది గానీ పుల్లీ ఇటూ అటూ ఆడలేదు. గలగల మాత్రం సాగుతూనే ఉంది.

"ఇంజను ఆపినా మోగుతోందే."

"ఇంజను ఆపాక కూడా మోగితే అది కారు కాదు బావా" అని మరదలు ఫోన్ పెట్టేసింది. ఆమెకి క్లాసు ఉంది.

అప్పటికే డైరెక్టరమ్మ దిగి గేటు గది వెనక్కి నడిచింది. అక్కడ వాచ్‌మన్ మేడ కిటికీల వైపు చూస్తూ, రెండు చేతులా డబ్బా పట్టుకుని, తన ఉద్యోగమంతా అందులోనే ఉన్నట్టు ఊపుతున్నాడు. ఆవిడ నీడ పడేసరికి తేలు కుట్టిన దొంగలా ఆగిపోయాడు.

"ఏమిటిది?"

"కాకులండీ. తోలుతున్నాను."

ఆవిడ ఆకాశం వైపు చూసింది. కాకి లేదు. మేడ కిటికీల వైపు చూసింది. ఆరు ఉత్తుత్తి కేకల తర్వాత ఈ గలగలని నమ్మడానికి ఇంతసేపు పట్టినట్టుంది, పాట ఒకటి సగంలో తెగింది, కుర్చీలు బరబరా జరిగాయి, పన్నెండు తలలు ఒకేసారి వంగాయి. డైరెక్టరు కాకముందు ఆవిడ ఇరవై ఏళ్ళు గుమాస్తాగా చేసింది. ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. డబ్బా అక్కడే పెట్టమని సైగ చేసి, మేనేజరు గారి దగ్గరికి వచ్చింది.

"చప్పుడు ఆగింది కదండీ. పదండి, పైకి వెళదాం."

చప్పుడు ఎందుకొచ్చిందో, ఎందుకు ఆగిందో ఆయనకు అర్థం కాలేదు. మేడ మీద సూది పడితే వినబడేంత నిశ్శబ్దం చూసి కొంచెం తేరుకున్నారు. డైరెక్టరమ్మ ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకోలేదు, కంప్యూటరు ముందు కూర్చుంది. ఏ క్లెయిము ఏ నిమిషానికి తేలిందో అందులో ఉంటుంది.

"ఇవాళ పన్నెండు లోపు అరవై ఒక్కటి తేలాయి. మీరు పొద్దున ఎన్నింటికి వచ్చారు?"

"ఇవాళ ఒక పూట సెలవు మేడమ్. మీతోపాటే రావడం."

"నిన్న పదింబావు లోపు ఇరవై ఆరు. ఆ తర్వాత సాయంత్రం దాకా రెండే. నిన్న మీరు ఎప్పుడొచ్చారు?"

"పదింబావుకి, ఠంచనుగా."

ఆవిడ ఏదో రాసుకుంది.

"మీరు సెలవులు తరచుగా పెడుతుంటారా?"

"అబ్బే, ఏడాదికి రెండు కూడా పెట్టను మేడమ్."

"అయ్యో" అంది డైరెక్టరమ్మ.

ఆ అయ్యో ఆయన్ని మూడు రోజులు తినేసింది. అన్నం సహించలేదు. కారు తుడవలేదు. ఆ దిగులు చూసి అత్తాకోడళ్ళు పేక కూడా ముట్టలేదు. నాలుగో రోజు ఆర్డరు వచ్చింది. ఆయన కవరు చించి అందరి ముందూ చదివారు: "సదరు శాఖలో పనుల వేగం పెంచే నిమిత్తం, మేనేజరు గారిని తక్షణమే జోనల్ మేనేజరు పదవికి పంపడమైనది."

గుమాస్తాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చేతులు నొప్పి పుట్టేదాకా ఆపలేదు. మేనేజరు గారు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఆ ఆర్డరుకి ఫ్రేము కట్టించి ఇంటి హాల్లో తగిలించారు, ఎవరొచ్చినా "పనుల వేగం" అన్న చోట వేలు పెట్టి చదివిస్తారు.