జంపఖానాల బోర్డుకు కంప్యూటర్ సరిపోతుందా?

ఇరవై ఒకటో శతాబ్దం వరంగల్‌కు కొత్తవాడ మీదుగా వస్తుందని మంత్రిగారు ప్రకటించారు. ఎనభై ఆరు వేసవిలో, మెడ కనిపించకుండా బంతిపూల దండలు వేయించుకుని మరీ అన్న మాట ఇది.

"జంపఖానాల బోర్డులో కంప్యూటర్ పెడతాం. కానీ తొందరపడం. ఈ ఆఫీసుకు కంప్యూటర్ సరిపోతుందా లేదా అని ముందు శాస్త్రీయంగా పరిశీలిస్తాం. సరిపోతుందని తేలితేనే పెడతాం. పెట్టేది దసరా నాడు" అన్నారు.

చప్పట్లు మోగాయి. పత్రికా విలేకరిని కాబట్టి నేనూ కొట్టాను. మనవాళ్ళలో చాలామంది గుర్రాన్ని కొన్నాక అది ఎందుకు పనికొస్తుందా అని చూస్తారు. మంత్రిగారు అలా కాదు, ముందే చూస్తారట. ఏసీ మిషను మాత్రం అప్పటికే లారీ ఎక్కింది.

బోర్డు సంగతి తెలియనివారికి చెబుతాను. కొత్తవాడ నేతగాళ్ళకు నూలు ఇచ్చి, వాళ్ళు నేసిన జంపఖానాలు కొని, పెళ్ళిళ్ళవాళ్ళకూ సభలవాళ్ళకూ అమ్మే సంస్థ అది. నూలు కావాలంటే నేతగాడు దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి యాత్ర చేస్తుంది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అంటారు, దరఖాస్తు విషయంలోనూ అంతే.

మా వాడకట్టులో ఉండే కైలాసం దరఖాస్తు అలా వెళ్ళిందే. అతని మగ్గం ఖాళీగా ఉంది. బొంబాయి దగ్గరి భీవండి మరమగ్గాల్లో పని ఉంది, వచ్చెయ్యమని బామ్మర్ది కబురు మీద కబురు పెడుతున్నాడు. అమావాస్య దాకా చూసి కాజీపేటలో రైలెక్కుతానని కైలాసం తేల్చేశాడు.

అతని భార్య మల్లవ్వ నన్ను నిలేసింది. "పేపరన్నా, నూలు ఎప్పుడిస్తరో జర అడుగరాదే. భీవండి పోయినోడు నెల నెల మనియార్డరై వస్తడు గని మనిషై రాడు. మా తమ్ముని చూస్తలేనా?"

"ఇక ఫికర్ లేదమ్మా. కంప్యూటర్ వస్తుందా రాదా అని పరిశీలిస్తున్నారు" అని ధైర్యం చెప్పాను. దానితో ఆమెకు ఎంత ధైర్యం వచ్చిందో నేను అడగలేదు.

పరిశీలనకు హైదరాబాద్ నుంచి సారంగపాణి అనే నిపుణుడు దిగాడు. సఫారీ సూటు, బ్రీఫ్‌కేసు. ఎవరి పని మిషనుకు అప్పజెప్పవచ్చో తేల్చడానికి ఒక్కో బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నలు వేశాడు. సూపరింటెండెంట్ వెంకట్రాజంతో మొదలుపెట్టాడు.

"మీరేం చేస్తారు?"

"దరఖాస్తు చూస్త సార్."

"చూసి?"

"పక్కకు పెడ్త."

"ఎందుకు?"

"మల్ల చూడాలె గద! మిషిను ఒక్కపారే చూస్తది, పంపుతది. దానికి బాధ్యత తెల్వది సార్. గీ పని మిషినుతోని కాదు."

ఆఫీసు మొత్తం అదే మాట చెప్పింది. ఒకాయనకు దరఖాస్తు మీద స్టాంపు వేసే ముందు మనసు కుదరాలట, మిషనుకు మనసేదీ అని అడిగాడు. నిపుణుడు అన్నీ రాసుకున్నాడు.

సాయంత్రం చాయ్ వేళకు ఒక పుకారు పుట్టింది. కంప్యూటర్ ఉన్న చల్లగదిలో కూర్చునేవాళ్ళకు ప్రత్యేక అలవెన్సు ఉంటుందట. తెల్లారేసరికి వెంకట్రాజం నిపుణుడి కోసం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"సార్, నిన్న జర తప్పు చెప్పిన. నాది మెదడు పనే కాదు. ఉద్యోగంల చేరిన సంది ఒక్కనాడన్న మెదడు వాడిన్నని ఎవలన్న అంటే నా మీద రిపోర్టు రాయుండ్రి. మిషినుకు నా సీటే కరెక్టు."

నిపుణుడు అదీ రాసుకున్నాడు. తర్వాత చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. చివరికి బోర్డు ఎండీ రాజేశ్వర్ రావు గారి గదిలోకి వెళ్ళి, "సార్, మాటల్లో తేలేలా లేదు. కొన్నాళ్ళు బల్లలన్నీ ఆపి చూద్దాం. ఎక్కడ ఆపితే నూలు ఆగుతుందో అక్కడే మిషను అవసరం" అన్నాడు.

"పని ఆపుడా? అది మాకు అలవాటే" అన్నారు ఎండీ గారు. "కాకపోతే ఇప్పటిదాకా ఆర్డర్ లేకుండ ఆపుతున్నం. ఆర్డర్ ఇయ్యుండ్రి."

ఆర్డర్ వచ్చింది. పరిశీలన జరిగినన్నాళ్ళు నేతగాడి పాసుబుక్కు చూసి గోదాములో నుంచే నూలు ఇవ్వవలెను అని అందులో ఉంది. ఉద్యోగులంతా కంప్యూటర్ ఎలా ఉంటుందో చూడడానికి బెంగళూరు బయల్దేరారు. కుటుంబాలు కూడా వెళ్ళాయి. కంప్యూటర్‌ను పిల్లలకు చూపించడం జాతీయ కర్తవ్యం కదా. అక్కడి నుంచి మైసూరు జూ దగ్గరేనని తర్వాత తెలిసిందట.

ఆఫీసులో మిగిలింది గోదాము వాచ్‌మన్ కట్టయ్య ఒక్కడే. అమావాస్య నాడు కైలాసం చేతిసంచితో వచ్చాడు. రైలెక్కే ముందు పాసుబుక్కు అప్పజెప్పి పోదామని వచ్చాడు. నేను గేటు దగ్గరే ఉన్నాను.

"నూలు కావాల్నా?" అన్నాడు కట్టయ్య.

"ఆఁ?"

"కావాలంటే తీస్కపో. ఆర్డర్ ఉన్నది."

కైలాసం సంచి కింద పెట్టాడు. "మరి సంతకాలు?"

"సంతకాలన్ని మైసూరు పోయినయ్."

కైలాసం కాజీపేటకు పోలేదు. నూలు మోసుకుని ఇంటికి పరుగెత్తాడు. సాయంత్రానికి వార్త కొత్తవాడంతా పాకింది. ఎన్నాళ్ళ నుంచో మూగవోయిన మగ్గాలు ఒక్కటొక్కటే మొదలయ్యాయి. మల్లవ్వ కండెలకు నూలు చుడుతూ పాడుతుంటే మొదటిసారి విన్నాను. బాగా పాడుతుంది. ఎర్రటి అంచు, నడుమ పచ్చ చారలు, వాటి మధ్య నెమళ్ళు, కైలాసం నేసిన ఆ జంపఖానా చూస్తే కాలు పెట్టబుద్ధి కాదు. "పరిశీలన దిగ్విజయం" అని నేను పత్రికలో రాశాను. నా జీవితంలో నిజం రాసిన వార్తల్లో అదొకటి.

మైసూరు నుంచి సంతకాలు తిరిగొచ్చాయి. మీటింగు పెట్టారు. ఉల్లిగడ్డ పకోడీలు తెప్పించారని తెలిసి నేనూ హాజరయ్యాను.

సారంగపాణి లేచాడు. "సార్, ఏ బల్ల ఆపినా నూలు ఆగలేదు. అన్నీ ఆపితే పరుగెత్తింది."

పకోడీ నమలడం ఆగింది. "అంటే, ఈ ఆఫీసుకు కంప్యూటర్ సరిపోదంటరా?" అన్నారు ఎండీ గారు.

"కంప్యూటర్ దాకా ఎందుకు సార్? అసలు ఈ ఆఫీసుకు ఆఫీసే..."

"ఏసీ బిగించినం" అన్నారు ఎండీ గారు మెల్లగా. "కంప్యూటర్ సలహాదారు పోస్టు కూడ మంజూరయింది. మనిషిని చూస్తున్నం."

సారంగపాణి ఏసీ వంక చూశాడు. చల్లగా ఉంది. కూర్చున్నాడు.

అప్పుడు రాజేశ్వర్ రావు గారు తన మేధస్సు చూపించారు. ఇలాంటి మేధస్సు జిల్లాకొకటి ఉన్నా దేశం ఎక్కడికో పోయేది. "పరిశీలనల తప్పు జరిగింది. సంతకం లేకుండ నూలు పోయింది. సంతకం లేనిది పోయినట్టు కాదు. పోని నూలుతోని జంపఖానా ఎట్ల నేస్తరు? నేయనిదాన్ని మనమెట్ల కొంటం?"

అందరూ తలలూపారు. నిపుణుడు అందరికంటే ఎక్కువగా ఊపాడు.

ఆ మధ్యాహ్నమే కైలాసం, మల్లవ్వ జంపఖానా భుజాన వేసుకుని వచ్చారు. ఎండీ గారి ముందు పరిచారు. గది ఒక్కసారి వెలిగింది.

"నూలెక్కడిది?" అన్నారు ఎండీ గారు.

"మీ గోదాముదే సార్."

"సంతకమేది?"

"మీ ఆర్డరే గద సార్..."

"ఆర్డర్ పరిశీలనకు. నువ్వేమో నిజంగనే నేసినవ్!" ఎండీ గారి గొంతులో బాధ. "పనులకు ఒక పద్ధతి ఉంటది కైలాసం. నూలు వాపస్ చెయ్యి. దరఖాస్తు పెట్టుకో. పద్ధతి ప్రకారం ఇస్తం, నేసుకో."

"వాపస్ ఎట్ల చెయ్యాలె సార్? నేసిన గద."

"విప్పు."

కైలాసం నవ్వాడు. సార్లు పరాచికాలాడుతున్నారనుకున్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి భార్య వంక చూశాడు.

"విప్పకుంటే?" అంది మల్లవ్వ.

"ప్రభుత్వ నూలు దాచినట్టయితది. పాసుబుక్కు రద్దయితది" అన్నాడు వెంకట్రాజం బాధ్యతగా.

మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానా అనిపించింది. మగ్గం ముందే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అడ్డంగా నేసిన పేక పోగులు లాగుతున్నారు. నెమలి తోక పోయింది. మెడ పోతోంది. వాడకట్టులో ప్రతి ఇంట్లో అదే పని. చప్పుడు లేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, విలేకరి ఆ రెండూ రాస్తే పత్రిక అచ్చు వేయదు గనుక గడప మీద కూర్చున్నాను.

"నేసేటప్పుడైతే పాట వస్తది పేపరన్నా. విప్పేటప్పుడు ఏం పాడుతరు?" అంది మల్లవ్వ.

వంకర్లు తిరిగిన ఆ నూలు బోర్డుకు చేరింది. కొత్త దరఖాస్తు కూడా చేరింది. కంప్యూటర్ వచ్చాక అదే చూస్తుందని పక్కన పెట్టారు. తర్వాతి అమావాస్యకు కైలాసం రైలెక్కాడు. కాజీపేట ప్లాట్‌ఫారం మీద అతనొక్కడే కాదు, కొత్తవాడ సగం ఉంది.

దసరా వచ్చింది. ఖాళీ మగ్గానికి మల్లవ్వ పసుపు కుంకుమ పెట్టి మొక్కింది. అదే ముహూర్తానికి మంత్రిగారు కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టారు. మీటింగు గదిలోని ఏసీని మార్చి గోదామునే చల్లగది చేశారు, నూలును వరండాలోకి నెట్టారు. కంప్యూటర్‌కు దుమ్ము పడదని మంత్రిగారితో సహా అందరం చెప్పులు బయట విడిచాం.

సారంగపాణి నివేదిక చదివాడు. ఈ ఆఫీసుకు కంప్యూటర్ అన్ని విధాలా సరిపోతుందని తేలింది. చప్పట్లు.

"కిందటిసారి వచ్చినప్పుడు గేటు దగ్గర నేతగాళ్ళు గుంపులుగా ఉన్నారే, ఇప్పుడొక్కడూ లేడేం?" అన్నారు మంత్రిగారు.

"కంప్యూటర్ వచ్చింది గద సార్. నిలబడే అవసరం లేకపాయె" అన్నారు ఎండీ గారు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ఇంతలో పాదాలు జిల్లుమన్నాయి కాబోలు, ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టారు. "గచ్చు చల్లగా ఉందయ్యా. ఒక జంపఖానా పరవండి."

ఉద్యోగులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కట్టయ్య వరండాలోకి పోయి, కౌగిలి నిండా ఎర్ర, పచ్చ నూలు తెచ్చి మంత్రిగారి ముందు పోశాడు.

"ఇదేమిటి?"

"జంపఖానానే సార్. మొన్న విప్పిచ్చిండ్రు."

గదిలో ఏసీ తప్ప ఏదీ ఊపిరి పీల్చలేదు. మంత్రిగారు ఆలోచించి, ఒక పాదం నూలులో పెట్టారు. రెండోది కూడా పెట్టారు. ముఖం వికసించింది.

"భేష్! నేసిన దానికంటే మెత్తగా ఉంది!"

"ఒక దశ తగ్గించినం సార్" అన్నారు రాజేశ్వర్ రావు గారు తడుముకోకుండా.

"ఏ దశ?"

"నేత."

చప్పట్లు అంతసేపు మోగడం నేనెన్నడూ వినలేదు. మంత్రిగారు పాదాలు నూలులోనే ఉంచుకుని, రాష్ట్రమంతటా ఇదే పద్ధతి అమలు చేస్తామని ప్రకటించారు. నేను రాసుకుని బయటికి వచ్చాను.

చెప్పుల గుట్ట పక్కన మల్లవ్వ నిలబడి ఉంది. గేటు లోపలికి రానివ్వలేదట, సందు చూసుకుని వచ్చింది.

"పేపరన్నా, మా ఇంటాయనకు పోస్టు కారటు రాపియ్యాలె. రమ్మని రాపియ్యాల్నా, వద్దని రాపియ్యాల్నా? లోపట ఏమన్నరు?"

"అంతా పరిశీలించారమ్మా. కంప్యూటర్ సరిపోతుందని తేలింది."

"ఎవలికి?"

నేను వంగి, నా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాను.