అర్థం చెప్పేవాడున్నాడు

ఆ ఆదివారం పొద్దున్న దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్ను పీకించుకోవాలి, అటునుంచి అటే ఆరాధనకు వెళ్ళాలి, నోరు మూసుకుని కూర్చోవాలి. చివరిది తేలికే అనుకున్నాడు. సంఘంలో ఇన్నేళ్ళుగా ఆయన చేస్తున్న పని అదే మరి.

భక్తి తక్కువై కాదు. అందరికీ ఏదో ఒక వరం ఉంది, తనకే లేదు. నర్సమ్మకు రోగుల కోసం ప్రార్థించే వరం, పాలాయనకు పాడే వరం. భార్యకు అన్న అయిన కండక్టరు బావగారికైతే, ఎవరైనా పరిశుద్ధాత్మ వశులై తెలియని భాషలో మాట్లాడితే దానికి అర్థం చెప్పే వరం. అసలు వరం ఎటునుంచి వస్తుంది, వచ్చేటప్పుడు మనిషికి ఎలా ఉంటుంది అని దర్జీకి మహా కుతూహలం. అందుకే ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆయన ఒక కన్ను తెరిచి చూస్తూ ఉండేవాడు.

ఆరాధన జరిగేది అద్దె హాల్లో. పైఅంతస్తులో ఇంటాయన కాపురం. పోయిన వారం ఆయన దిగివచ్చి, "ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుస్తారేంటండీ? ఇంకొక్కసారి గోల వినబడిందా, తాళం వేసేస్తా. వచ్చే ఆదివారం నేనే వచ్చి కూర్చుంటా" అని చెప్పి వెళ్ళాడు. ఆ హాలు పోతే మరో హాలు ఇచ్చేవాడు లేడు. సంఘం చెట్టుకొకరు, పుట్టకొకరు అయిపోతుంది. పాస్టరు గారికి వారమంతా నిద్ర లేదు. చివరికి ఆయన బైబిలు వాక్యం తిరగేసి ఒక పద్ధతి పెట్టారు. భాషల్లో మాట్లాడదలిచినవాళ్ళు ముందు చెయ్యెత్తాలి. ఒకరి తరవాత ఒకరే మాట్లాడాలి. అర్థం చెప్పేవాడు చెప్పేదాకా మిగతావాళ్ళు కిక్కురుమనకూడదు.

దర్జీ వచ్చేసరికి అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. వెనక కుర్చీలో ఇంటాయన చేతులు కట్టుకుని, ఎవరు అరుస్తారా అని జనాన్నే చూస్తూ కూర్చున్నాడు. భార్య పక్కగదిలో పిల్లలకు పాఠం చెబుతోంది. దర్జీకి మత్తు ఇంజక్షను దెబ్బకు పెదవులు ఉన్నాయో లేవో తెలియడం లేదు. దవడలో దూది. అలవాటుగా ఒక కన్ను తెరిచాడు. సీలింగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కారి కారి, పాస్టరు గారి వెనక మైకుసెట్టు వైర్లన్నీ కలిసే కరెంటు పెట్టె పక్కనే పడుతున్నాయి.

అరవబోయాడు. అయినా పద్ధతి తప్పలేదు పాపం. చెయ్యెత్తాడు.

ఎత్తే చేతుల కోసం మధ్యమధ్య కళ్ళు తెరిచి చూస్తున్న పాస్టరు గారు నమ్మలేకపోయారు. "మన దర్జీ తమ్ముడు! చెప్పు తమ్ముడూ, చెప్పు."

"ఫైయింఛి యీయు! వయయు ఫెత్తె!" అన్నాడు దర్జీ.

హాలంతా జలదరించింది. కండక్టరు బావగారు లేచి నిలబడ్డాడు. కొత్త పద్ధతి పుణ్యమా అని చెయ్యెత్తే ధైర్యం ఎవరికీ లేక, తనకు పని దొరకదేమోనని దిగులుపడుతున్న మనిషి ఆయన. కళ్ళు మూసుకుని గంభీరంగా, "పైనుంచి జీవజలాలు దిగివస్తున్నాయి అంటున్నాడు" అన్నాడు.

దర్జీ ఆనందానికి అంతులేదు. బావకు అర్థమైంది! అవునవునని తల ఊపుతూ సీలింగు వైపు వేలు చూపించాడు. వెంటనే అందరూ చేతులు పైకెత్తారు. కళ్ళు తెరిచి పైకి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

"థిచ్చు ఆఫంయి! థిచ్చు!"

"ఆపవద్దు, ఆరాధన ఆపవద్దు అంటున్నాడు."

దర్జీ పాస్టరు వెనక ఉన్న స్విచ్చు చూపించాడు. తన్నే పిలుస్తున్నాడనుకుని పాస్టరు గారు కళ్ళనీళ్ళతో వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. విడిపించుకుని ముందుకు ఉరకబోతే బావగారు భుజం పట్టుకుని కుర్చీలో కూలేశాడు. "వరుసలో ఉండు బావా! తోసుకోకు. ఇంకా అర్థం పూర్తికాలేదు." దర్జీకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళకు సంఘమంతా తన మాట వింటోంది, ఒక్క ముక్క ఎవరికీ ఎక్కడం లేదు.

భర్త భాషల్లో మాట్లాడుతున్నాడన్న కబురు పక్కగదికి చేరింది. భార్య గుమ్మంలోకి వచ్చి, దర్జీ మళ్ళీ మొదటినుంచి చెబుతున్నదంతా ఒక్క క్షణం చెవి ఒగ్గి వింది. "అన్నయ్యా, నువ్వు కూర్చో. ఆయన స్విచ్చు ఆపమంటున్నారు. పైనుంచి నీళ్ళు పెట్టె మీద పడుతున్నాయట."

"అమ్మాయ్, అర్థం చెప్పడం అయిపోయింది" అన్నాడు బావగారు.

"నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆయన మాట్లాడే మాటల్తోనే ఇన్నాళ్ళూ కాపురం చేస్తున్నాను. నాకు తెలీదా?" అంటూ గబగబా వెళ్ళి స్విచ్చు కట్టేసింది.

మైకు మూగబోయింది. అప్పుడు కళ్ళు తెరిచారందరూ. పెట్టె మీద నీళ్ళు ధార కడుతున్నాయి.

"అయ్యో! కుళాయి! నా కుళాయి కట్టలేదు!" అని ఇంటాయన హాలు దద్దరిల్లేలా అరిచి, రెండు కుర్చీలు పడగొట్టి, మెట్లెక్కి పరుగెత్తాడు. వీళ్ళ గోల చూద్దామన్న తొందరలో కుళాయి కింద బకెట్టు పెట్టి అలాగే వదిలేసి వచ్చాడు. ఆ రోజు ఆరాధనలో వరుస తప్పిన మనిషి ఆయనొక్కడే.

కాసేపటికి తడిసిన పంచెతో దిగివచ్చాడు. "తాళం సంగతి మర్చిపోండి. మీరిక్కడే ఉండండి" అన్నాడు తల దించుకుని. పాస్టరు గారు కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నారు. ఇంటాయన దర్జీ దగ్గరికి వచ్చి, "ఇంతకీ అదేం భాషండీ?" అని ఆసక్తిగా అడిగాడు.

అప్పుడప్పుడే మత్తు దిగుతోంది. దర్జీ దూది తీసి, నోరు కూడదీసుకుని, అందరికీ వినబడేలా స్పష్టంగా అన్నాడు: "తెలుగేనండీ. నాకు వరం రాలేదు, పన్ను పోయింది."

దానికి అర్థం చెప్పడానికి బావగారు మళ్ళీ లేచి నిలబడ్డాడు.